పక్కబట్టలు చెడేది మురికికి కాదు, ఉతుకుడుకి

మా కర్నూలు ఇళ్లలో పక్కబట్టలు వాడకానికి పోవడంలేదు, ఉతుకుడుకి పోతున్నాయి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద రాసేదంతా దీని చుట్టే తిరుగుతుంది. నూలు దుప్పటి, పాత చీరల బొంత, గొర్రెబొచ్చు కంబళి, దూది పరుపు, బూరుగుదూది దిండు, దేని పుట్టుక దానిది. ఒకటి చెట్టుకు కాసింది, ఒకటి గొర్రె ఒంటిమీద పెరిగింది. వాటన్నిటినీ ఒకే మిషన్లో, ఒకే పొడితో, ఒకే బోరునీళ్లతో తిప్పి, మే నెల మిట్టమధ్యాహ్నం మిద్దెమీద పడేస్తున్నాం. కొన్నాళ్లకు దుప్పటి అట్ట కడుతుంది, కంబళి ముడుచుకుపోతుంది, దిండు గడ్డలు కడుతుంది. అప్పుడు "కాటన్ నిలవదప్పా" అని ఒక మాట అనేసి పాలిస్టర్ దుప్పట్లూ ఫోం పరుపులూ తెచ్చుకుంటున్నాం.

ఆ నింద నూలుకు తగదు. ఆదోని పత్తి మార్కెట్ మన జిల్లాలోనే ఉంది. ఎమ్మిగనూరు మగ్గాలూ మన జిల్లాలోవే. మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత సహకార సంఘం పెట్టింది 1938లో. పత్తి పండించి, అమ్మి, నేసిన జిల్లాలో ఉంటూ ఆ గుడ్డను ఎట్లా చూసుకోవాలో మరిచిపోతున్నామే అన్నదే నా బాధ.

నీళ్ల దగ్గర మొదలుపెడతాను. సగం చెడుగు అక్కడే ఉంది. మన ఇళ్లలో నేలకు పరిచే బేతంచెర్ల బండ సున్నపురాయి. బేతంచెర్ల, బనగానపల్లె, కోవెలకుంట్ల వైపు భూమి కింద అదే రాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పక్క సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది దానికోసమే. వాననీరు మట్టిలోకి దిగేటప్పుడు కార్బన్ డయాక్సైడును కలుపుకొని కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ పులుపుకు సున్నపురాయి కొంచెం కొంచెంగా కరుగుతుంది. అట్లా కరిగిన కాల్షియం, మెగ్నీషియమే మన బోరులోంచి పైకొచ్చి, బకెట్ అంచున తెల్లగా పేరుకుపోతుంది, గీజర్ రాడ్డుకు పెచ్చు కడుతుంది. తాగే నీళ్లలో మొత్తం కాఠిన్యం, అంటే ఈ కాల్షియం మెగ్నీషియంల లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదని, వేరే నీళ్లు లేనిచోట 600 వరకు ఓర్చుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెప్తుంది. తాగడానికే ఓర్చుకోవాల్సిన నీళ్లలో దుప్పటి ఏమవుతుందో ఆలోచించండి.

సబ్బుబిళ్ల ఆ నీళ్లలో పడగానే కాల్షియంతో కలిసి కరగని జిడ్డుగా మారిపోతుంది. నురగ రాదు. బూడిదరంగు తెట్టు కడుతుంది. ఆ తెట్టు నీళ్లతో పోకుండా నూలుపోగుల మధ్య కూర్చుంటుంది. డిటర్జెంట్ పొడి సబ్బులా తెట్టు కట్టదు, నిజమే. కానీ మామూలు పొడుల్లో సోడా ఎక్కువగా ఉంటుంది, అది నీళ్లలోని కాల్షియాన్ని సన్నని సుద్దగా మార్చి గుడ్డమీదే దింపుతుంది. దుప్పటి ఆరాక అప్పడంలా నిలబడుతుందంటే, తెల్లది బూడిదరంగుకు తిరుగుతుందంటే, దాంట్లో ఉన్నది మన ఒంటి మురికి కాదు, ఈ సుద్దా సబ్బూ. దాన్ని చూసి "మురికి పోలేదు" అనుకొని ఇంకో గరిటె పొడి ఎక్కువ వేస్తాం. అది ఇంకో పొర కడుతుంది. గరుకుగా అయ్యిందని కంఫర్టులాంటి మెత్తబరిచే ద్రవం పోస్తాం. అది పోగుమీద మైనంలాంటి పొర పట్టించి చేతికి మెత్తగా అనిపించేట్టు చేస్తుంది కానీ, నూలుకు ఉన్న అసలు గుణాన్నే, చెమట పీల్చే గుణాన్నే తగ్గిస్తుంది. ఏప్రిల్ రాత్రి కరెంటు పోయినప్పుడు ఆ దుప్పటిమీద పడుకున్నవాళ్లకు ఒళ్లు ఎందుకు జిగటగా ఉంటుందో ఇక చెప్పక్కర్లేదు.

మీ నీళ్లు ఏపాటివో తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. మూతున్న సీసాలో సగానికి నీళ్లు పోసి, చిటికెడు సబ్బు తురుము వేసి గట్టిగా ఊపండి. పైన నురగ నిలబడి కింద నీళ్లు తేటగా ఉంటే మెత్తని నీళ్లు. నురగ నిలవక, నీళ్లు పాలవిరుగుడులా తునకలు కడితే ఉప్పునీళ్లు, అంటే కాఠిన్యం ఎక్కువున్న నీళ్లు. డిటర్జెంట్ పొడితో చేస్తే తేడా తెలియదు, సబ్బుతోనే చేయాలి.

ఉప్పునీళ్లే గతి అయినవాళ్లకూ దారి ఉంది. నూలు దుప్పట్లకైతే బకెట్ నీళ్లలో ముందు ఒక చెంచా బట్టల సోడా కలిపి కాసేపు ఉంచితే కాల్షియం చాలావరకు అడుగుకు దిగిపోతుంది. పైన తేరిన నీళ్లు వంచుకొని వాటిలో సబ్బు వేస్తే సగం సబ్బుతోనే పని జరుగుతుంది. కుళాయి నీళ్లు వచ్చే పూట ఆ నీళ్లను ఉతకడానికి ఖర్చు చేయకుండా చివరి జాడింపుకు దాచుకోవాలి. గుడ్డలో ఆఖరికి నిలిచేది ఆ నీళ్లే. వానపడ్డ రోజు మిద్దె కడిగిపోయాక గొట్టం కింద పట్టిన నీళ్లకు మించినవి లేవు. ఇప్పటికే అట్ట కట్టిన దుప్పటి ఉంటే బకెట్ నీళ్లలో చిన్న గ్లాసు తెల్ల వెనిగర్ కలిపి, అందులో అరగంట నానబెట్టి, బాగా జాడించండి. ఆ పులుపు సుద్దను కరిగిస్తుంది. జాడించకుండా ఆరేయవద్దు, నూలు సోడాను ఓర్చుకున్నట్టు పులుపును ఓర్చుకోదు. వెనిగర్ గానీ నిమ్మరసం గానీ బ్లీచింగ్ నీళ్లలో ఎన్నడూ కలపవద్దు, విషపు క్లోరిన్ వాయువు పుడుతుంది.

ఇంకో మాట. వాటర్ ఫిల్టర్ గొట్టంలోంచి పోయే వృథా నీళ్లను బట్టలకు వాడమని చాలామంది సలహా ఇస్తారు. నేల తుడుచుకోవడానికి వాడండి, పక్కబట్టలకు వద్దు. మంచి నీళ్లు మీ బిందెలోకి పోయాక మిగిలిన ఉప్పంతా ఆ నీళ్లలోనే చిక్కబడి ఉంటుంది.

ఇప్పుడు పోగు సంగతి. పత్తిపోగు తడిస్తే బలం పెరుగుతుంది. గొర్రెబొచ్చు, పట్టు తడిస్తే బలం తగ్గుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే పాతకాలపు ఉతుకుడు పద్ధతులన్నీ అర్థమవుతాయి. రేవులో రజకులు నూలు దుప్పట్లను చవుడుమట్టి నీళ్లలో నానబెట్టి, బానకెక్కించి ఆవిరిలో ఉడికించి, బండకేసి బాదేవాళ్లు. చవుడులో ఉన్నది సహజమైన సోడా. నూలుకు సోడా పడుతుంది, వేడి పడుతుంది, దెబ్బ కూడా పడుతుంది. అదే మనుషులు కంబళినీ పట్టునూ బానకెక్కించేవాళ్లు కాదు. బొచ్చూ పట్టూ మన వెంట్రుకలాగే ప్రోటీను. వేడి క్షారంలో బొచ్చు కరిగిపోతుంది, క్లోరిన్ బ్లీచింగులోనూ కరిగిపోతుంది. దీన్ని వాళ్లు పుస్తకం చదివి నేర్చుకోలేదు. పొద్దస్తమానం నీళ్లలో నిలబడి, సోడాకు చేతులు పగిలి నేర్చుకున్నారు. ఆ విద్యకు మనం ఇచ్చింది ఏడాదికింత గింజలు, ఊరి చివర ఇల్లు. ఆ పనిని మళ్లీ వాళ్ల నెత్తిన పెట్టమని నేను అనను, అనకూడదు కూడా. కానీ వాళ్లకు తెలిసినది తెలివే అని ఒప్పుకొని, మన ఇళ్లలో మన చేతులతో వాడుకోవాలి.

మీ దుప్పటి దేనితో చేశారో మీకు తెలుసా? అంగడివాడు "ప్యూర్ కాటన్" అంటాడు. అంచులోంచి ఒక పోగు లాగి, ఇనుప గరిటెమీద పెట్టి అగ్గిపుల్ల చూపించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద అవుతుంది. బొచ్చైతే వెంట్రుక కాలిన వాసన, వేళ్లతో నలిపితే పొడి అయ్యే నల్లని బొగ్గు. కరిగి, చల్లారాక గట్టి పూస కడితే అది పాలిస్టర్. రెండూ కలిసిన గుడ్డైతే రెండు గుర్తులూ కనిపిస్తాయి. ఏ గుడ్డో తెలియకుండా చేసే జాగ్రత్తలన్నీ గుడ్డివే.

నూలు దుప్పట్లకు నేను పెద్దగా చెప్పేది లేదు. వారానికోసారి దుప్పటి, ఎండాకాలంలో దిండు గలీబులు వారానికి రెండుసార్లు. కొత్త దుప్పటి మొదటిసారి విడిగా ఉతకాలి, కాస్త కుంచించుకుంటుంది కాబట్టి కొనేటప్పుడే మంచానికి సరిగ్గా సరిపోయేది తీసుకోకూడదు. తలనూనె మరకలు పాతబడితే పసుపురంగుకు తిరిగి కంపు కొడతాయి కాబట్టి గలీబును ముందు కుంకుడు రసం పట్టించి పక్కన పెట్టి తర్వాత వేడినీళ్లలో వేయాలి. రక్తం మరకకు మాత్రం వేడినీళ్లు తగలనీయవద్దు, గట్టిపడి కూర్చుంటుంది. చన్నీళ్లే. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, దాన్ని చూసి భయపడి రుద్దొద్దు. జాడించి ఎండలో వేస్తే దానంతటదే పోతుంది. పసుపుకు సూర్యుడే విరుగుడు. నీలిమందు మురికిని తీయదు, కంటికి తెలుపు చూపిస్తుంది, అంతే.

కంబళి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మా జేజి వాళ్లది పత్తికొండ పక్క. ఆ వైపూ ఆలూరు వైపూ కురవల ఇళ్లలో నల్లగొర్రెల బొచ్చుతో నేసిన కంబళ్లు మాకు చలికాలంలో పైన కప్పుకోవడానికి, మిగతా కాలమంతా పరుపు కింద పరుచుకోవడానికి. దక్కనీ గొర్రె బొచ్చు ముతక, ఒంటికి గుచ్చుకుంటుంది, నిజమే. కానీ బొచ్చు తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చుకొని కూడా తడి తెలియనివ్వదు. గొర్రె ఒంటినూనె కొంత దాంట్లోనే ఉంటుంది, అందుకే తుంపర పడితే నీళ్లు జారిపోతాయి. నేసేటప్పుడు పడుగుకు చింతగింజల పిండితో గంజి పెడతారు, కొత్త కంబళి అట్టలా ఉండేది అందుకే. ఇప్పుడు మందల్లో మాంసం కోసం బొచ్చులేని నెల్లూరు జాతి గొర్రెలు ఎక్కువైపోయాయి. మంచి నల్ల కంబళి కావాలంటే సరిహద్దు దాటి కర్ణాటకలోని చళ్లకెర దాకా పోయేవాళ్లున్నారు. అంటే, ఇంట్లో ఉన్న పాత కంబళిని చెడగొట్టుకుంటే అట్లాంటిది మళ్లీ దొరకడం కష్టం. నేను ఇంత పట్టుబట్టేది అందుకే.

కంబళిని ఉతకాల్సింది ఏడాదికి ఒక్కసారి. శివరాత్రి దాటి చలి పోయాక, ఎండలు ముదరకముందు. మిగతా ఏడాదంతా దాని శుభ్రం గాలితోనే. పొద్దుటిపూట దండెంమీద వేసి, సన్నకర్రతో మెల్లగా కొడితే దుమ్ము రాలుతుంది. రాత్రి మంచు తగిలే చోట కాసేపు ఉంచి పొద్దున దులిపినా వాసనలు పోతాయి. బొచ్చుకు మురికి లోపలికి ఇంకే గుణం తక్కువ. ఉతికే రోజు కుంకుడుకాయలు పగలగొట్టి, గింజలు తీసి, రాత్రంతా నానబెట్టి, పిసికి వడగట్టిన రసం వాడాలి. కుంకుడులోని సాపోనిన్లు మన ఉప్పునీళ్లలో తెట్టు కట్టవు, క్షారం కావు కాబట్టి బొచ్చును కొరకవు. ఉతికే నీళ్లూ జాడించే నీళ్లూ ఒకే వెచ్చదనంలో ఉండాలి, చేతికి వెచ్చగా తెలిసీ తెలియనంత. బొచ్చు వెంట్రుకమీద చేపపొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి, తడి, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకొని బిగుసుకుపోతాయి. మళ్లీ విడిపోవు. మిషన్లో వేసిన కంబళి పిల్లల కంబళి అయ్యేది ఇందుకే. రుద్దకూడదు, పిండకూడదు. తొట్టిలో వేసి అరచేతులతో అదిమి వదలడం, నీళ్లు మార్చడం, అంతే. నీళ్లు కారిపోయాక పొడి నూలు దుప్పట్లో చుట్టి అదిమి, నులక మంచంమీద నీడలో పరవాలి. దండెంమీద వేలాడదీస్తే తడిబరువుకు సాగిపోతుంది. మరకలు తినేసే ఎంజైములున్న పొడి అసలే వద్దు, ఆ ఎంజైముల్లో ప్రోటీన్లను తినేవి ఉంటాయి, కంబళి అంతా ప్రోటీనే.

బొంత వేరే లోకం. పాత నూలు చీరలు, పంచెలు నాలుగైదు పొరలు వేసి, అవ్వలు తీరిక దొరికినప్పుడల్లా వరసకుట్టు వేసుకుంటూ పోయిన బొంతను ఏ అంగడీ అమ్మలేదు. దాంట్లో తెగేది గుడ్డ కంటే ముందు కుట్టే. నానిన బొంతను మనం మామూలుగా రెండు చివరలు పట్టుకొని మెలిపెడతాం, ఆ మెలికకు లోపలి కుట్లన్నీ పటపటా తెగుతాయి. పొరలు లోపల జారి ఒక మూలకు చేరతాయి. అందుకని బొంతను తొట్టిలో పరిచినట్టు వేసి కాళ్లతో తొక్కండి. నీళ్లు వదిలేయండి. మడిచి పిట్టగోడమీద వేసి, నీళ్లు వాటంతటవే కారాక, రెండు దండేల మీద వెడల్పుగా వేయండి, బరువు పంచుకుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, పొద్దున ఎనిమిదికల్లా ఆరేయాలి. సాయంత్రానికి లోపలి పొర కూడా ఆరాలి. పైన ఎండి లోపల చెమ్మ ఉన్న బొంతను మడిచిపెడితే రెండురోజుల్లో బూజు వాసన వస్తుంది, నల్ల చుక్కలు పడతాయి. ఆ చుక్కలు పోవు. మన ఊరి ఎండకు ఈ పని అలవోకగా అవుతుంది. వానాకాలంలో బొంత ఉతకడమే వద్దు. బొంతలో ఎరుపు, నీలం చీరలుంటే ఒక మూల తడిపి తెల్లగుడ్డతో అద్ది రంగు దిగుతుందేమో చూడండి. దిగితే నానబెట్టకుండా చన్నీళ్లలో గబగబా ఉతికి తీసేయాలి.

ఇక పరుపు. దూది పరుపును నీళ్లు తాకకూడదు. లోపల పది పదిహేను కిలోల దూది ఉంటుంది, అది తడిస్తే గడ్డలు కట్టి, నడుమ చెమ్మ వారాలు ఉండిపోతుంది. బూరుగుదూది అయితే ఇంకో తమాషా, దాని పోగు లోపల బోలుగా ఉండి, పైన మైనపు పూతతో నీళ్లనే అంటనీయదు. ఒకప్పుడు ఓడల్లో లైఫ్ జాకెట్లకు నింపింది దాన్నే. దాన్ని ఉతికి లాభంలేదు, ఎండకు పెడితే పొంగుతుంది. పిల్లలు పక్క తడిపితే వెంటనే పొడిగుడ్డతో అదిమి, తడి పీల్చి, ఆ చోటును మాత్రం తడిగుడ్డతో తుడిచి ఎండకు పెట్టాలి. పరుపుకు గలీబు, గలీబుమీద దుప్పటి, ఈ రెండూ ఉతుక్కుంటే పరుపును ఉతికే అవసరమే రాదు. గలీబుకు కోరా గుడ్డ తీసుకుంటే కుట్టించకముందే ఒకసారి తడిపి ఆరేయండి, లేకుంటే మొదటి ఉతుకుకే బిగుసుకుంటుంది.

ఎండ విషయంలో మనవాళ్లకు ఒక మూఢనమ్మకం ఉంది, ఎంత ఎక్కువ ఎండ తగిలితే అంత మంచిదని. మే నెలలో మన మిద్దెమీద మిట్టమధ్యాహ్నపు ఎండ రంగు తినేస్తుంది, నూలుపోగునూ పెళుసు చేస్తుంది, పట్టునైతే అన్నిటికంటే ముందు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా ఒక పక్క, తిరగేసి ఇంకో పక్క, చాలు. లోపలికి తెచ్చాక నీడలో చల్లారనిచ్చి అప్పుడు పరవాలి. నల్లుల కోసం ఎండకేస్తున్నవాళ్లకు నిజం చెప్పాలి. నల్లులు వేడికి చస్తాయి, కానీ 50 డిగ్రీల దాకా వేడి పరుపు నడిబొడ్డుకు చేరి గంటకు పైగా నిలవాలి. దూది వేడిని లోపలికి పోనివ్వదు. నల్లి కూడా ఎండపక్క నుంచి నీడపక్కకు నడిచిపోతుంది. పరుపు ఎండకేయడంతో నల్లులు పోవు. గలీబులు, దుప్పట్లు 60 డిగ్రీల నీళ్లలో నానబెట్టి, మంచం సందుల్లో వేడినీళ్లు పోసి, కుట్ల వెంట వెతికి తీయాలి. కంటికి కనిపించని దుమ్ముపురుగుల మాట వేరు. వాటికి నీళ్లు దొరికేది గాలిలోని చెమ్మలోంచే. గాలిలో తేమ 50 శాతం కంటే తగ్గితే ఎండిపోతాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా మన పొడిగాలి ఆ పని ఉచితంగా చేస్తుంది, మనం పరుపును విప్పి గాలికి పెడితే. పొద్దున లేవగానే పక్క సర్దేసి మీద మందపు కవరు కప్పడం మంచి అలవాటని నేర్పించారు మనకు. రాత్రి చెమటంతా దాంట్లోనే ఉంటుంది. దుప్పటి ఎత్తి అరగంట వదిలేయండి, తర్వాత సర్దుకోవచ్చు.

దూది గట్టిపడ్డాక దాన్ని బతికించగలిగింది ఏకడం ఒక్కటే. మా చిన్నప్పుడు దూదేకులవాళ్లు భుజానికి నిలువెత్తు విల్లు తగిలించుకొని, దాని నారిని టంగుమనిపిస్తూ వీధిలోకి వచ్చేవాళ్లు. అరుగుమీద పరుపు విప్పితే నల్లబడిన గడ్డల్లోంచి సాయంత్రానికి మేఘంలాంటి దూది లేచేది. దుమ్మంతా కింద రాలి ఉండేది. ఇప్పుడు విల్లు దాదాపు పోయింది, మోటారు మిషన్లు వచ్చాయి. పని అదే. బరువుకు నలిగి అతుక్కున్న పోగులను విడదీసి మధ్యలోకి గాలిని పంపడం. రెండుమూడేళ్లకోసారి ఏకించి, తగ్గిన దూది కలిపి కుట్టించుకుంటే ఆ పరుపు ఒక తరం నుంచి ఇంకో తరానికి పోతుంది. ఫోంకు ఈ రెండో జన్మ లేదు. కుంగితే కుంగిందే, చెత్తబండికే. మా వీధిలో ఒకామె అడిగింది, "ఏమక్కా, ఇంకా ఈ దూది పరుపులేనా? మేమంతా ఎప్పుడో పారేసినాం" అని. పారేసిన దూది ఎంత మంచిదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మంచి పొడవుపోగు పత్తిని ముప్పైయేళ్ల కింద వాళ్ల అమ్మ పెళ్లికి పెట్టి ఉంటుంది.

అయితే ఏదీ పారేయొద్దని నేను మొండిగా చెప్పను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊరిమీదకు వచ్చినప్పుడు పాతబస్తీ మునిగింది. నీళ్లు తీశాక ప్రతి గుమ్మం ముందూ బురద పట్టిన పరుపులు. మా చిన్నాయన వాళ్లు ఏడుస్తూనే ఒక పరుపును వారం ఎండబెట్టారు. వాసన పోలేదు. ఆఖరికి పారేశారు, పారేయడమే సరైంది. వరదనీళ్లలో మురుగు కలిసి ఉంటుంది, దూది మధ్యకు పోయిన మురుగును ఏ ఎండా తీయలేదు. దుప్పట్లు, బొంతలు, కంబళ్లు మాత్రం బతికాయి. బురద పట్టిన గుడ్డకు ముందే సబ్బు వేయకూడదు, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉత్తనీళ్లతో జాడించి, తర్వాత నూలును వేడినీళ్లలో సోడాతో, తెల్లవాటిని బ్లీచింగుతో. కంబళికి బ్లీచింగు తగలనీయకుండా మళ్లీమళ్లీ కుంకుడు రసం. నదుల పక్కన ఉన్నవాళ్లం, ఈ పద్ధతి తెలిసి ఉండాలి.

ఇదంతా విని మా తమ్ముడి భార్య ఒక ప్రశ్న వేసింది. "వదినా, నువ్వు చెప్పేదంతా నిజమే. చేసేది ఎవరు?" ఆమెకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, వారానికి ఒక్క ఆదివారం. ఈ ప్రశ్నను దాటేసి పాతకాలాన్ని పొగిడేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. నీళ్లు తాగిన బొంతను ఎత్తి పిట్టగోడమీద వేయడానికి ఇద్దరు మనుషులు కావాలి. మా జేజి కాలంలో ఆ ఇద్దరూ ఆడవాళ్లే, అందులో ఒకరు కోడలే. నేను చెప్పే పద్ధతిలో పని మొత్తంమీద తగ్గుతుంది. కంబళి ఏడాదికోసారి, బొంత కాలానికోసారి, పరుపు అసలే లేదు. నూలు దుప్పట్లు మిషన్లో వేసుకోవచ్చు, పొడి సగానికి తగ్గించి, ఇంకోసారి జాడింపు పెడితే చాలు. మిగిలిన బరువు పని, అంటే పరుపు మిద్దెకెక్కించడం, తొక్కడం, ఎత్తడం, మగవాళ్లది. మా తమ్ముడికి ఈ మాట నేరుగానే చెప్పాను. ఇప్పుడు మిద్దెకు పరుపు మోసేది వాడే, బొంత తొక్కేది వాడి కొడుకు. ఇంట్లో పడుకునేవాళ్లందరూ పక్క బరువు మోయాలి. దీనికి ఒప్పుకోని ఇంటికి నా సలహాలేవీ పనికిరావు, వాళ్లు ఫోం కొనుక్కోవడమే ఆ ఇంటి ఆడవాళ్లకు మేలు.

దాచిపెట్టేటప్పుడు చేసే తప్పులు ఉతికేటప్పుడు చేసేవాటికి తక్కువేమీ కాదు. గంజి పెట్టిన దుప్పట్లు పెట్టెలో పెట్టవద్దు. పాత పుస్తకాల్లో కనిపించే వెండిరంగు పురుగు గంజి కోసం వచ్చి గుడ్డను కూడా కొరుకుతుంది. కంబళిని మాత్రం చిమ్మెట పిల్లపురుగులు తింటాయి, అదీ చెమట, నూనె అంటిన చోటే ముందు. అందుకే ఉతకకుండా దాచకూడదు. వేపాకు వేస్తే చాలని నమ్మి ఏడాది పెట్టె తెరవకుండా కూర్చోవద్దు, వేసుకోండి, కానీ ఆ పురుగుకు కదలిక పడదు, వెలుతురు పడదు. నెలకోసారి తీసి, విప్పి, దులిపి, మడత మార్చి పెట్టడమే దానికి మందు. ప్లాస్టిక్ సంచుల్లో గట్టిగా కట్టవద్దు, పాత నూలు చీరలో చుట్టండి.

కలరా ఉండలు చాలా ఇళ్లలో అలవాటు. పెద్దవాళ్లకు ఆ వాసన తలనొప్పి తెప్పిస్తే తెప్పించవచ్చు. పసిబిడ్డలకు ప్రమాదం. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టే పిల్లలు మనలోనూ ఉన్నారు, ఆ సంగతి పుట్టగానే ఇంట్లో ఎవరికీ తెలియదు. కలరా ఉండల మధ్య దాచిన గుడ్డలు చుడితే ఆ పిల్లల ఎర్రరక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. పురిటికి వచ్చే కూతురి కోసం అవ్వలు దాచే మెత్తని పాత చీరలు, చిన్నబొంతలు సాధారణంగా ఆ పెట్టెలోంచే వస్తాయి. వాటిని ఇవాళే వేరు చేసి, ఉతికి, వాసన మిగిలినవాటిని పక్కన పెట్టేసి, కలరా ఉండ ఎన్నడూ పడని ఇంకో పెట్టెలో పెట్టండి.